గంటకు 20 నిమిషాలు ఇచ్చారు, మిగతా రోజు సంగతి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జూనియర్, డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్ళకు, కరస్పాండెంట్లకు, హాస్టల్ వార్డెన్లకు,

నమస్కారం.

ఆటిజం (నలుగురితో మాట కలిపే తీరు, చప్పుళ్ళు తట్టుకునే తీరు పుట్టుకతోనే వేరుగా ఉండడం) ఉన్న విద్యార్థి పరీక్ష రాస్తుంటే గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తున్నారు. అవసరమైతే, తను చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ని ఒప్పుకుంటున్నారు. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇన్నాళ్ళకు చాలా కాలేజీల్లో అలవాటులోకి వచ్చాయి. సంతోషం. అయితే పరీక్ష మూడు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్లవాడు మెస్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఔటింగ్ రోజున ఎవరితో బయటికి వెళ్తున్నాడు, లాబ్‌లో ఇద్దరిద్దరు జట్టు కట్టమన్నప్పుడు ఎవరూ పిలవక గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడుతున్నాడు అన్నది మీ రిజిస్టర్లలో ఎక్కడా ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

రాస్తున్నవాళ్ళం ఆటిజంతో కాలేజీ చదువు దాటి వచ్చిన పెద్దలం కొందరం, స్పెషల్ ఎడ్యుకేటర్లం, కౌన్సెలర్లం. మా సొంత గోడు ఇక్కడ పెట్టట్లేదు. ఏ పని ఎలా చేయాలి, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, అంతవరకే.

చట్టం సంగతి ముందు చెప్పి పక్కన పెడదాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టం 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థల్లో ఇలాంటి విద్యార్థికి చదువుతో పాటు సామాజికమైన ఎదుగుదల కూడా వీలైనంత బాగా జరిగే వాతావరణం, తోడ్పాటు ఉండాలంటుంది. సామాజికం అన్న మాట చట్టంలోనే ఉంది, మేం చేర్చింది కాదు. 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ లేదని ఈ తోడ్పాటు ఆపడానికి కూడా వీల్లేదు. ఆ 40 శాతం రిజర్వేషన్ లాంటి వాటికి పెట్టిన గీత. స్క్రైబ్ విషయంలో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇదే స్పష్టం చేసింది. ఇక 2025 జూలై 25న, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు మీ బల్ల మీదికి ఈపాటికి వచ్చే ఉంటాయి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యం మీద శిక్షణ ఇవ్వాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం మానాలి. ఈ చివరిదానికి మళ్ళీ వస్తాం.

"వాడికి ఒక్కడే ఉండడమే ఇష్టమండీ." స్టాఫ్ రూంలో తరచూ వినబడే మాట ఇది. కొందరి విషయంలో నిజమే. సాయంత్రం గంటసేపు ఎవరూ పలకరించకుండా వదిలేస్తేనే మర్నాటికి ఓపిక కూడేవాళ్ళున్నారు. అది ఏకాంతం. ఒంటరితనం వేరు. బౌమింగర్, కసారి అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ఆటిజం ఉన్న పిల్లల్నే నేరుగా అడిగి చూస్తే, తోటి పిల్లలకంటే వాళ్ళే ఎక్కువ ఒంటరితనం చెప్పుకున్నారు. ఏకాంతం కోరుకున్నవాడూ, స్నేహం దొరకనివాడూ కూర్చునేది అదే కిటికీ పక్కన. చూసి పోల్చుకోలేం, అడగాల్సిందే. "నీకు ఫ్రెండ్స్ ఉన్నారా?" అంటే మొహమాటానికి "ఉన్నారు సార్" అని వస్తుంది. ఇలా అడగండి: పోయిన వారం క్లాసు పని కాకుండా ఎవరితో మాట్లాడావు? దేని గురించి? ఎంతసేపు? అంతకంటే ఎక్కువ కావాలా, తక్కువ కావాలా, ఇదే చాలా? కాగితం మీద ఇచ్చి మర్నాడు రాసి తెమ్మనండి. "ఇదే చాలు" అని వస్తే నమ్మండి. మూడు నెలలాగి మళ్ళీ అడగండి.

లైబ్రేరియన్‌తోనో, లాబ్ అసిస్టెంట్ అన్నతోనో, క్యాంటీన్ బాబాయితోనో రోజూ పది నిమిషాలు కబుర్లు చెప్పేవాడు ఒంటరివాడు కాడు. స్నేహానికి ఈడూ జోడూ కలవాలని ఎక్కడా లేదు.

లోపం ఎక్కడుందో తప్పుగా పట్టుకుంటే మందూ తప్పుతుంది. ఇన్నేళ్ళూ అందరూ అన్నది, ఆటిజం ఉన్నవాళ్ళకి అవతలివాళ్ళ మనసు అర్థం కాదని. తనకే ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో దాన్ని తిరగేసి చూపించాడు: అవతలివాళ్ళకీ వీళ్ళ మనసు అంతే అర్థం కాదు, అడ్డు రెండువైపులా ఉంది. మన తెలుగులో ఆ అడ్డు ఎలా ఉంటుందో చూడండి. "ఆదివారం కలుద్దాంలే" అంటాడు క్లాస్‌మేట్. ఆ 'లే'లోనే ఉంది కిటుకంతా. మిగతావాళ్ళ చెవికి అది "కుదిరితే చూద్దాం, కుదరదనే అనుకో" అని వినిపిస్తుంది. ఆటిజం ఉన్న కుర్రాడికి వినిపించేవి ఆదివారం, కలవడం. పదింటికి గేటు దగ్గర నిలబడతాడు. పన్నెండింటికి గదికి తిరిగొస్తాడు. సోమవారం "ఎందుకు రాలేదు?" అని అడుగుతాడు. అది అవతలివాడికి నిలదీసినట్టుంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. స్నేహం మాత్రం అక్కడితో సరి.

"పర్లేదు" అన్నది మరొకటి. వద్దనడానికీ అదే, సరేననడానికీ అదే, నొచ్చుకున్నా పైకి చెప్పననడానికీ అదే. "తిన్నావా?" అన్నది పలకరింపు, దానికి "రెండు ఇడ్లీ తిన్నాను, చట్నీ పులిసింది, మూడోది వదిలేశాను" అని నిజాయితీగా జవాబిస్తే బెంచీ అంతా నవ్వుతుంది. సీనియర్‌ని 'అన్నా' అనకపోతే పొగరు, తోటివాణ్ణి 'మీరు' అంటే వెటకారం, 'ఏరా' ఎప్పుడు చనువో ఎప్పుడు తిట్టో గొంతును బట్టి. ఇవేవీ ఎవరూ పాఠంగా చెప్పలేదు. కాబట్టి కొంచెం ఇటువైపు మార్చుకోవడం కూడా సాధ్యమే: "లే" తీసేసి "ఈ ఆదివారం కుదరదు, వచ్చే శనివారం ఐదింటికి క్యాంటీన్‌లో" అనడం క్లాసు మొత్తానికీ నేర్పవచ్చు. ఆటిజం లేనివాళ్ళకీ దానివల్ల నష్టమేమీ లేదు.

అమెరికాలో నోవా సాసన్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఆటిజం ఉన్నవాళ్ళ వీడియోలు పది సెకన్లు చూపిస్తే, అంతలోనే చూసినవాళ్ళు "వీళ్ళతో మాట కలపాలనిపించట్లేదు" అన్నారు. అవే మాటల్ని కాగితం మీద రాసి చదివించినప్పుడు ఆ తేడా లేకుండా పోయింది. అంటే చెప్పిన విషయంలో లోటు లేదు. గొంతు, చూపు, ముఖం కొత్తగా ఉన్నాయి, అంతే. ఎడింబరాలో కేథరిన్ క్రాంప్టన్ బృందం 2020లో ఒక కథని ఎనిమిదిమంది వరసలో ఒకరినుంచి ఒకరికి చెప్పించింది. అందరికీ ఆటిజం ఉన్న వరసలో కథ, ఎవరికీ లేని వరసలో లాగే, చివరిదాకా బాగానే చేరింది. రెండు రకాలవాళ్ళూ కలిసిన వరసలో ఎక్కువ జారిపోయింది. ఈ ఫలితం చాలామంది నోట నానింది. కానీ 2025లో 311 మందితో మళ్ళీ చేస్తే మూడు రకాల వరసల్లోనూ సమాచారం ఒకేలా చేరింది. రెండో సంగతి చెప్పకుండా మొదటిదే చెప్పేవాళ్ళని కొంచెం అనుమానించండి. ఆటిజం ఉన్నవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి "మీరూ మీరూ స్నేహం చేసుకోండి" అని గీత గీసేయడానికి ఏ పరిశోధనా ఒప్పుకోదు.

అందుకే, "సోషల్ స్కిల్స్" పేరుతో కళ్ళలోకి చూడు, నవ్వు, చేయి కలుపు అని తర్ఫీదిచ్చే క్లాసుతో సరిపెట్టవద్దని మా మనవి. పైకి మామూలుగా కనబడడానికి రోజంతా వేసుకునే ఆ ముసుగు చాలా ఖరీదైనది. ముసుగు ఎక్కువైన పెద్దల్లో ఆత్మహత్య ఆలోచనలూ ఎక్కువగా ఉన్నాయని 2018లో ఇంగ్లండ్‌లో సారా కాసిడీ బృందం చూపించింది. రోజంతా నవ్వుతూ తిరిగి, గది తలుపు వేసుకోగానే మాట పడిపోయేవాడు మీ దృష్టిలో 'బాగా కలిసిపోయిన' విద్యార్థి.

మరి ఏం చేయాలి? మా మొదటి విన్నపం ఒక గది, వారానికోసారి, 75 నిమిషాలు.

మాట కోసం కలిస్తే మాట రాదు. పని కోసం కలిస్తే మాట దానంతటదే వస్తుంది. అమెరికాలో డేనియల్ లెగాఫ్ 2004లో లెగో బొమ్మలతో చూపించింది ఇదే: ఒకరు ఇంజినీరు, బొమ్మ చూసి ఏ ముక్క కావాలో చెప్తారు, ఒకరు సరఫరాదారు, ముక్క వెతికి ఇస్తారు, ఒకరు కట్టేవారు. ముగ్గురూ మాట్లాడుకోకపోతే బొమ్మ లేవదు. కాలేజీ వయసుకి లెగోలు అక్కర్లేదు, ఖరీదు కూడా. ఒక గ్రాఫ్ షీటు చాలు. అడ్డంగా సమయం, నిలువుగా స్టేషన్లు: విజయవాడ, ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు, రాజమండ్రి. ఒకరు టైంటేబుల్ చదువుతారు, ఒకరు చుక్కలు పెట్టి గీత కలుపుతారు, ఒకరు తప్పులు పట్టుకుంటారు. పదిహేను నిమిషాలకోసారి పనులు మార్చుకుంటారు. ఏటవాలుగా పైకి పోయే గీత, కిందికి దిగే గీత ఎక్కడ కోసుకుంటే అక్కడ ఎదురెదురు రైళ్ళు దాటుకుంటాయి. ఒకే వైపు పోయే రెండు గీతలు కోసుకున్నాయంటే వెనక రైలు ముందు రైలుని దాటేసిందన్నమాట. ఎక్కడ దాటింది, ముందుదాన్ని ఏ స్టేషన్లో ఆపారు అని వాదన మొదలవుతుంది. రైళ్ళ మీద పిచ్చి ఉన్న కుర్రాడు ఆ బల్ల దగ్గర పెద్దమనిషి. అలాగే పక్షులు, చదరంగం, రూబిక్స్ క్యూబ్, పాత క్రికెట్ స్కోర్లు, రాగాలు, పటాలు, కోడింగ్. ఏది పెట్టాలో మీరు తేల్చకండి. వాడు ఏ సంగతి ఎత్తితే ఆపడో ఆ సంగతి పెట్టండి.

కొలతలు ఇవి. మనుషులు ఐదు నుంచి ఎనిమిది. అందులో ఆటిజం ఉన్నవాళ్ళు వీలైతే ఇద్దరైనా ఉండాలి. ఒక్కడే అయితే కార్యక్రమం మొత్తం వాడి కోసమేనని రెండో వారానికి అందరికీ తెలిసిపోతుంది. పేరులో ఆటిజం అన్న మాట వద్దు, 'రైళ్ళ క్లబ్బు' చాలు. ఎప్పుడూ అదే రోజు, అదే గది, అదే వేళ. కుర్చీలు ఎదురెదురుగా వేయకండి. బల్ల మూలకి అటొకటి ఇటొకటి వేస్తే చూపు పని మీద ఉంటుంది, ముఖాల మీద కాదు. మొదటి పది నిమిషాలు వచ్చి సర్దుకోవడానికి; ఎవరూ ఎవర్నీ పలకరించనక్కర్లేదు. నలభై ఐదు నిమిషాలు పని. పది నిమిషాలు, చూపించాలనుకున్నవాళ్ళు చూపించడానికి. ఆఖరి పది నిమిషాలు గది సర్దడానికి. కబుర్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, కాబట్టి ఈ పని అటెండర్‌కి అప్పజెప్పకండి. అడగకుండా బయటికి వెళ్ళి మళ్ళీ రావచ్చన్న సంగతి గోడ మీద రాసి ఉండాలి. తినడానికి ఏదైనా పెడితే ఎవరి పొట్లం వారికి విడిగా. దగ్గర కూర్చునేవారు సైకాలజిస్టు కానక్కర్లేదు, లైబ్రేరియన్ మేలు. ఆ విషయం మీద ఆయనకే ఇష్టముంటే ఇంకా మేలు.

ఇక చెడే తీరు. మొదటిది మీరే చెడగొడతారు, కోపం తెచ్చుకోకండి: ప్రారంభోత్సవం, ఫ్లెక్సీ, శాలువా, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ ఫైలు కోసం ఫొటోలు. వద్దు. కెమెరా వచ్చిందంటే ముసుగు వచ్చినట్టే. రెండోది, ఒకరే నలభై నిమిషాలు చెప్పుకుపోవడం. ఆపమని సైగ చేస్తే అర్థం కాదు, గట్టిగా ఆపితే మళ్ళీ రాడు. అందరికీ ఒకే నియమం పెట్టండి: చూపించేటప్పుడు మనిషికి మూడు నిమిషాలు, బల్ల మీద కనబడేలా టైమరు, తర్వాత ఒక ప్రశ్న చీటీ మీద. ఆటిజం లేని ఉపన్యాసకులకి కూడా ఇది పనికొస్తుంది. మూడోది, పెద్దవాళ్ళు మౌనాన్ని భరించలేక మధ్యలో మాట్లాడేయడం. పదిమందికి ఇబ్బందిగా తోచే ఆ మౌనంలోనే ఇక్కడ పని నడుస్తుంది. నాలుగోది, చెప్పకుండా రద్దు చేయడం. గది ఖాళీ లేకపోతే ముందురోజే రాతగా తెలియజేయండి. వచ్చి తాళం చూసి వెళ్ళినవాడు చాలాసార్లు మళ్ళీ రాడు. ఐదోది, బాగుందని ఇరవైమంది రావడం. ఎనిమిది దాటితే రెండో బల్ల, రెండో రోజు. పోటీలు, బహుమతులు పెట్టారా, మామూలు కాలేజీ మళ్ళీ లోపలికి వచ్చేసినట్టే. మూడు వారాల్లో స్నేహాలు కనబడలేదని ఆపేయకండి. ఒక సెమిస్టరు పూర్తిగా నడవనివ్వండి. ఖర్చంటారా, మీ ఫ్రెషర్స్ డే సౌండ్ సిస్టం అద్దెతో ఇది ఏడాది నడుస్తుంది.

క్లబ్బులో పుట్టినదాన్ని సెక్షన్ల మార్పు చంపేస్తుంది. టెస్టు ర్యాంకుల్ని బట్టి పిల్లల్ని ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కి తిప్పే పద్ధతి మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్నదే. మామూలు పిల్లవాడు కొత్త బెంచీలో రెండు రోజుల్లో ఎవరో ఒకరిని వెతుక్కుంటాడు. ఇతనికి ఒక మనిషి గొంతు, నడక, వేళాకోళం ఎప్పుడో కోపం ఎప్పుడో అలవాటు కావడానికే నెలలు పడుతుంది. అలవాటైన రోజున మార్చేస్తే మళ్ళీ మొదటికి. రెండుసార్లు అలా అయ్యాక ప్రయత్నించడమే మానేస్తాడు. దాన్నే మనం "వాడికి ఒంటరిగా ఉండడం ఇష్టం" అంటాం. సుప్రీంకోర్టు ఎలాగూ ఈ విడదీతలు వద్దంది. అంతా ఒకేసారి మార్చలేకపోతే, కనీసం ఈ విద్యార్థి పేరు, అతను చెప్పిన ఒకరిద్దరి పేర్లు ఏడాది పొడుగునా ఒకే సెక్షన్లో, ఒకే లాబ్ బ్యాచ్‌లో ఉంచండి. లాబ్‌లో, ప్రాజెక్టుల్లో జట్లు మీరే వేసి జాబితా అంటించండి. "మీకు నచ్చినవాళ్ళతో కలవండి" అన్న వాక్యం ఇలాంటి పిల్లలకి ప్రతిసారీ అందరి ముందూ జరిగే ఓటమి.

తోడుగా ఒకరిని పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది, మంచిదే. కానీ క్లాస్ ఫస్ట్ వచ్చినవాణ్ణి పెడతారు, అతనికి తీరిక ఉండదు. పరీక్షలు రాగానే మాయమవుతాడు, ఇతనికేమో తనవల్ల తప్పేం జరిగిందో తెలియదు. ఒకరిని కాదు, ఇద్దరిని పెట్టండి. ఎనిమిది వారాలని గడువు చెప్పండి, గడువు తీరే రోజు ముగ్గురికీ ముందే తెలియాలి. వారి పని మూడే ముక్కలు: భోజనానికి పిలవడం, మారిన టైంటేబుల్ మెసేజ్ పెట్టడం, ఎవరైనా వేళాకోళం చేస్తే పక్కన నిలబడడం. వార్డెన్‌కి కబుర్లు మోయడం ఆ మూడింట్లో లేదు. ఎవరికైనా ఆటిజం సంగతి చెప్పాలంటే, ఏ మాటల్లో చెప్తారో ఆ విద్యార్థికి ముందు చూపించి, సరేనన్నాకే చెప్పండి. సంగతి తెలిసి, ఆటిజం గురించి కాస్త అవగాహన కూడా ఉన్నవాళ్ళలో మొదటి అభిప్రాయం మెరుగవుతుందని సాసన్ బృందమే 2019లో చూపించింది. అయినా చెప్పడమా మానడమా అన్నది ఆ విద్యార్థి ఇష్టం.

హాస్టల్ సంగతికి వస్తే ఒక్కసారి రాత్రి ఎనిమిదింటికి మెస్ గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకోండి. మూడొందల స్టీలు ప్లేట్లు, గిన్నెలో గరిటె కొట్టే చప్పుడు, కుర్చీకాళ్ళు గచ్చు మీద ఈడ్చుకుపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాను, కొట్టుకునే ట్యూబ్‌లైటు, పులుసు తాలింపు వాసన, చేతులు కడిగే చోట పారే నీళ్ళు, వీటన్నిటి మీదుగా అరుచుకుంటూ మాటలు. మీ మెదడు వీటిలో చాలావాటిని పక్కకి తోసేసి ఎదుటివాడి మాట వింటుంది. ఆటిజం ఉన్న చాలామందికి అన్నీ ఒకే గట్టిదనంతో వినబడతాయి. అక్కడ స్నేహం చేయమనడం మిక్సీ పక్కన కూర్చోబెట్టి సంగీతం నేర్పడం లాంటిది. రద్దీకి పదిహేను నిమిషాల ముందు ఇతన్నీ, ఇతనికి నచ్చిన ఇంకొకరినీ కలిపి లోపలికి పంపండి. ఒక్కణ్ణే పంపితే మళ్ళీ వెలేసినట్టవుతుంది. గోడ పక్క బల్ల ఇవ్వండి. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అవిధేయత అనుకోకండి. గదిలో మనుషులు వీలైనంత తక్కువ, ఏడాదంతా మారకుండా, మంచం మూలకి. ఫోన్లు తీసేసుకునే హాస్టళ్ళకి ఒక మాట: చాలామందికి మాటలకంటే రాత తేలిక, పాత స్నేహాలు మెసేజ్‌ల మీదే బతుకుతాయి. రోజుకి ఒక నిర్ణీత వేళ ఇరవై నిమిషాలు ఆ ఫోను ఇవ్వండి. దీనికోసం అమ్మానాన్నలతో మాట్లాడే సమయాన్ని కోసేయకండి.

స్నేహం పేరు మీద జరిగే మోసం గురించి కూడా సిబ్బందికి తెలియాలి. "మామా, నా రికార్డు రాసిపెట్టు", "బ్రో, ఐదొందలు కొట్టు", "వార్డెన్‌ని ఇలా అని రా, చూద్దాం". ఒక్కడే మిత్రుడని నమ్మినవాడు మూడూ చేస్తాడు, మూడోదానికి దెబ్బలూ తింటాడు. ఇది సరదా కాదు, ర్యాగింగే. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం, యూజీసీ 2009 నిబంధనలు ఉన్నాయి. దేశవ్యాప్త హెల్ప్‌లైను 1800-180-5522. "జాగ్రత్తగా ఉండు" అని చెప్తే ఉపయోగం లేదు, పట్టిక కావాలి. నెల రోజులు రెండు గడులు రాయించండి: నేను వాళ్ళకి చేసినవి, వాళ్ళు నాకు చేసినవి. రెండో గడి ఖాళీగా ఉంటే అది స్నేహం కాదని అతనే చూస్తాడు. అటు తిరిగి, ఇతని మెసేజ్‌లు ఎవరికైనా, ముఖ్యంగా అమ్మాయిలకి, ఇబ్బందిగా మారకుండా కూడా సూటి నియమమే పనికొస్తుంది: రెండు మెసేజ్‌లకి జవాబు రాకపోతే మూడోది పెట్టకూడదు, "వద్దు" అంటే ఎప్పటికీ వద్దనే. సూచనగా కాదు, ఈ మాటల్లోనే చెప్పండి. ముందే చెప్పకుండా నేరుగా క్రమశిక్షణ కమిటీ ముందు నిలబెట్టడం అన్యాయం.

కౌన్సెలర్లకి ప్రత్యేకంగా. "ఎలా ఫీల్ అవుతున్నావు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి తమ భావానికి పేరు పెట్టడమే కష్టమని పరిశోధనలు చెప్తున్నాయి. "బానే ఉంది" అని వస్తుంది, మీరు ఫైలు మూసేస్తారు. లెక్కకొచ్చేవి అడగండి: ఎన్నింటికి నిద్రపోయావు, ఎన్ని పూటలు తిన్నావు, స్నానం చేసి ఎన్నాళ్ళయింది, నీకిష్టమైన పని ఈ వారం ఎంతసేపు చేశావు. ఆఖరిది ముఖ్యం. రైళ్ళ గురించి ఆపకుండా చెప్పేవాడు రైళ్ళ మాటే ఎత్తడం లేదంటే, ముఖం ఎంత మామూలుగా ఉన్నా అది ప్రమాద సూచన. జవాబు రాసి ఇవ్వనివ్వండి, లేదా పక్కపక్కన నడుస్తూ మాట్లాడండి. కళ్ళలోకి చూడలేదని దాస్తున్నాడనుకోవద్దు.

ఇంకో పొరపాటు ఉంది, మంచి కౌన్సెలర్లే చేస్తారు. నెలల తరబడి ముసుగు వేసుకుని అలిసిపోయినవాడికి మాట తగ్గుతుంది, చప్పుళ్ళు అసలు భరించలేడు, నిన్నటిదాకా చేసిన పనులు చేయలేడు. ఆటిజం ఉన్నవాళ్ళు దీన్ని బర్నవుట్ అంటారు. బయటికి కుంగుబాటులా ఉంటుంది, రెండూ కలిసి ఉండవచ్చు కూడా. కుంగుబాటుకి చెప్పినట్టే "నలుగురిలో తిరుగు, ఈవెంట్లలో పాల్గొను" అంటే ఇది ముదురుతుంది. ముందు బరువు దించాలి: కొన్నాళ్ళు క్లాసులు తగ్గించడం, చప్పుడు లేని చోటు, ఇష్టమైన పనికి తీరిక, మాట్లాడకపోయినా పక్కన ఉండే ఒకే ఒక్క మనిషి. నలుగురూ తర్వాత. మందులు, కుంగుబాటు నిర్ధారణ సైకియాట్రిస్టు పని, ఆలస్యం చేయకండి.

చనిపోవాలన్న ఆలోచన ఉందేమో అనిపిస్తే డొంకతిరుగుడు లేకుండా అడగండి: "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అంటే లేవనే చెప్తాడు, ఎందుకంటే అది ప్రశ్న కాదు. ఉందని చెప్తే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో కొత్తవాళ్ళతో మాట్లాడడం చాలామందికి కొండంత పని, నంబరు గోడకి అంటించి ఊరుకుంటే సరిపోదు. చెప్పాల్సిన మొదటి రెండు వాక్యాలు కాగితం మీద రాసిచ్చి, మీరే డయల్ చేసి, పక్కన కూర్చోండి.

ఎవరికి సర్టిఫికెట్ ఉంది, ఎవరికి లేదు అని చూడకండి. ఆడపిల్లల్లో చాలామందిని "సిగ్గరి", "అమాయకురాలు" అనేసి చిన్నప్పుడు ఎవరూ గుర్తించరు. వాళ్ళు ముసుగు వేయడంలో ఇంకా ఆరితేరి ఉంటారు. పైన చెప్పినవాటిలో సర్టిఫికెట్ అడిగి ఇవ్వాల్సినంత ఖరీదైనది ఒక్కటీ లేదు.

ఈ నెలలోనే మొదలుపెట్టదలిస్తే నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఒక నమూనా ఇస్తున్నాం. మార్పులు మీ ఇష్టం, కానీ దీనికి సర్క్యులర్ భాష పులమకండి.

"రైళ్ళ క్లబ్బు. ప్రతి శనివారం సాయంత్రం 4:00 నుంచి 5:15 వరకు. లైబ్రరీ వెనక చిన్న గది. ఆరుగురికి చోటుంది. లైబ్రేరియన్ గారు ఉంటారు, ఇంకెవరూ రారు, ఫొటోలు తీయరు. విజయవాడ, రాజమండ్రి మధ్య నడిచే రైళ్ళ గ్రాఫు గీస్తాం. పెన్సిలు, స్కేలు అక్కడే ఉంటాయి. మాట్లాడాలని లేకపోతే మాట్లాడనక్కర్లేదు. మధ్యలో వెళ్ళిపోవచ్చు, తిరిగి రావచ్చు. ఏ వారమైనా లేకపోతే శుక్రవారం సాయంత్రానికల్లా ఇదే బోర్డు మీద రాస్తాం. వస్తామనుకున్నవాళ్ళు కింద పేరు రాయండి."

ఇట్లు,
ఆటిజం ఉన్న పెద్దలం, స్పెషల్ ఎడ్యుకేటర్లం, కౌన్సెలర్లం